చెక్కలోంచి వెలుతురు



పోయిన నెల పదో తరగతి పిల్లలు ఒక పేపరు కటింగ్ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "గాజు కంటే ఐదు రెట్లు మేలైన పారదర్శక కలప" అని హెడ్డింగు. "సార్, చెక్క గాజులాగా ఎలా అవుద్ది? మన డార్మిటరీ కిటికీలకు పెడితే ఎండాకాలం వేడి ఐదో వంతుకు తగ్గుద్దా?" అని అడిగారు. మొదటి ప్రశ్నకు జవాబు తర్వాత చెబుతానన్నాను. రెండో ప్రశ్నకు మాత్రం వెంటనే "తగ్గుతుంది" అనేశాను. ఆ రాత్రి కాగితం మీద లెక్క వేసి చూస్తే నేను చెప్పింది తప్పని తేలింది. క్లాసులో అందరి ముందు చెప్పిన తప్పును స్టాఫ్ రూములో కూర్చుని దిద్దుకుంటే చాలదు. అందుకే ఈ నెల గోడపత్రికలో రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి. లెక్క దగ్గరకు వచ్చేసరికి నోటుపుస్తకం తెచ్చుకోండి.

ముందు మొదటి ప్రశ్న. చెక్కకు అవతల ఉన్నది మనకెందుకు కనబడదు?

దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. బజ్జీలు కట్టిచ్చిన కాగితం చాలు. దాన్ని వెలుతురు వైపు పట్టి చూడండి. నూనె అంటిన చోట వెలుతురు ఇవతలికి వస్తుంది, అంటని చోట అంతగా రాదు. మీలో బొమ్మలు వేసేవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. తెల్ల కాగితానికి కొబ్బరినూనె రాసి, పుస్తకంలోని బొమ్మ మీద పరిచి గీతలు దించుకుంటారు కదా! నూనె ఆ కాగితాన్ని పల్చన చేయలేదు, అందులోంచి దేన్నీ తీసెయ్యలేదు. మరేం చేసింది?

కాగితం అంటే సెల్యులోజ్ పోగుల అల్లిక. పోగుకూ పోగుకూ మధ్య గాలి ఉంటుంది. గాలి వక్రీభవన గుణకం 1, సెల్యులోజ్‌ది సుమారు 1.53. కాంతి గాలిలోంచి పోగులోకి, పోగులోంచి మళ్లీ గాలిలోకి మారిన ప్రతిసారీ కొంత వంగుతుంది, కొంత వెనక్కి తిరుగుతుంది. పల్చటి కాగితంలో కూడా ఇలాంటి గట్లు చాలా ఉంటాయి. వాటన్నిటినీ దాటేసరికి కాంతి చెల్లాచెదురై, చాలా భాగం వచ్చిన దారినే పోతుంది. అలా అన్ని రంగులూ కలిసి వెనక్కి వచ్చిన కాంతే మనకు తెల్లగా కనిపిస్తుంది. పటికబెల్లం ముక్క గాజులా ఉంటుంది, దాన్ని నూరితే తెల్లటి పొడి అవుతుంది. పదార్థం మారలేదు, గాలితో గట్లు పెరిగాయి, అంతే.

ఇప్పుడు నూనె సంగతి. కొబ్బరినూనె గుణకం సుమారు 1.45. అది పోగుల మధ్య గాలిని తోసేసి తాను కూర్చుంటుంది. 1.45కీ 1.53కీ తేడా కొద్దిగానే కాబట్టి కాంతికి గట్టు తెలియదు, సాఫీగా దాటిపోతుంది. నీళ్ల గుణకం 1.33. అందుకే తడిసిన కాగితం కూడా కొంచెం పల్చబడినట్టు కనిపిస్తుంది గానీ నూనె కాగితమంత కాదు. కావాలంటే రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

చెక్క కథ కూడా ఇదే. చెట్టులో నీటిని పైకి తీసుకుపోయే దారువు గురించి జీవశాస్త్రంలో చదివారు. ఎండిన చెక్క అంటే ఆ సన్నని గొట్టాలన్నిటినీ కట్టగట్టి పెట్టినట్టు. గోడలు సెల్యులోజ్, లోపల గాలి. దీనికి తోడు కాగితంలో లేని ఇంకో చిక్కు చెక్కలో ఉంది. దాని పేరు లిగ్నిన్. సెల్యులోజ్ పోగులను పట్టి ఉంచే బంక అది. ఇటుకల మధ్య సిమెంటు అనుకోండి. చెట్టు నిటారుగా నిలబడటానికి ఇదొక కారణం. కలప బరువులో పావు వంతు దాకా ఇదే ఉంటుంది. సెల్యులోజ్‌కు రంగు లేదు, లిగ్నిన్ మాత్రం కాంతిని మింగుతుంది. చెక్కకు ఆ గోధుమరంగు రావడంలో పెద్ద వాటా దానిదే.

లిగ్నిన్‌ను మీరు చూడలేదనుకోవద్దు. పాత న్యూస్‌పేపరు ఎండలో నాలుగు రోజులు పడి ఉంటే పసుపెక్కుతుంది. చవక కాగితంలో లిగ్నిన్ మిగిలిపోయి ఉంటుంది, ఎండకు అది రంగు మారుతుంది. మంచి తెల్ల కాగితం చాలాకాలం తెల్లగానే ఉంటుంది, ఎందుకంటే మిల్లులో లిగ్నిన్ తీసేస్తారు. భద్రాచలం దగ్గర సారపాక మిల్లుకు జామాయిల్, సుబాబుల్ కర్ర లారీల్లో పోతుంటుంది కదా. ఆ కర్రను రసాయనాలతో ఉడకబెట్టేది ముఖ్యంగా ఈ లిగ్నిన్‌ను కరిగించి బయటికి పంపడానికే.

ఇక చెక్కను పారదర్శకం చేసే పద్ధతి మీరే ఊహించగలరు. మిల్లులో చేసినట్టు లిగ్నిన్ తియ్యాలి, కానీ గుజ్జు చెయ్యకూడదు. చెక్క పలక పలకగానే ఉండాలి. ఇక్కడ ఒక తమాషా ఉంది. లిగ్నిన్ తీసేసిన పలక పారదర్శకం కాదు, సుద్దముక్కలా తెల్లగా అవుతుంది. రంగు పోయింది, గాలి గట్లు మాత్రం ఉండిపోయాయి. అప్పుడు రెండో పని: సెల్యులోజ్‌కు దగ్గరి గుణకం ఉన్న ద్రవాన్ని ఆ గొట్టాల్లోకి ఎక్కించి, అక్కడే గట్టిపడేలా చెయ్యాలి. తెల్ల పలక నెమ్మదిగా తేటపడుతుంది. బజ్జీల కాగితంలో నూనె చేసిన పనే, కాకపోతే ఈ నూనె మళ్లీ కారిపోదు.

మొదట ఈ పని చేసిన ఆయన ఇళ్ల కోసం చేయలేదు. జర్మనీలో ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రవేత్త జీగ్‌ఫ్రీడ్ ఫింక్ 1992లో కలప లోపలి గొట్టాల అమరికను చూడటానికి దాన్ని పారదర్శకంగా మార్చాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2016లో ఒకరికొకరు సంబంధం లేకుండా రెండు బృందాలు మళ్లీ అందుకున్నాయి. ఒకటి స్వీడన్‌లో, స్టాక్‌హోం నగరంలోని కె.టి.హెచ్. సాంకేతిక విశ్వవిద్యాలయంలో లార్స్ బెర్గ్‌లుండ్, యువాన్‌యువాన్ లీ తదితరులు. రెండోది అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో లియాంగ్‌బింగ్ హూ బృందం. స్వీడన్ వాళ్లు బాల్సా చెక్క తీసుకున్నారు. బాల్సా దక్షిణ అమెరికా వైపు పెరిగే చెట్టు, బెండులా తేలిక. మన బూరుగు చెట్టు కుటుంబానిదే. లోపల ఎక్కించింది ప్లెక్సీగ్లాస్ అని మనం పిలిచే ప్లాస్టిక్, దాని గుణకం 1.49. మేరీలాండ్ వాళ్లు ఎపాక్సీ అనే జిగురు వాడారు.

స్వీడన్ పలక మందం 1.2 మి.మీ. దాని మీద పడ్డ కాంతిలో 85 శాతం అవతలికి వచ్చింది. బాగుంది కదా! అయితే అలా వచ్చిన కాంతిలో 71 శాతం తిన్నగా రాలేదు, పక్కలకు చెదిరింది. అంటే ఏమిటో మళ్లీ నూనె కాగితమే చెబుతుంది. దాన్ని పుస్తకం మీద ఆనించి పెడితే అక్షరాలు చదవొచ్చు. జానెడు ఎత్తు లేపితే అక్షరాలు మసకబారి కలిసిపోతాయి, వెలుతురు మాత్రం తగ్గదు. పారదర్శక కలప స్వభావమూ అదే. పలక మందం పెరిగేకొద్దీ మసక పెరుగుతుంది, కాంతి తగ్గుతుంది. కిటికీలోంచి కొండ చూడాలంటే ఇది పనికిరాదు. గదిలోకి వెలుతురు రావాలంటే పనికొస్తుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

ఇప్పుడు ఆ "ఐదు రెట్లు" దగ్గరకు వద్దాం. ఈ మాట ఊరికే పుట్టలేదు. 2020లో అమెరికా అటవీ శాఖవారి కలప పరిశోధనశాల శాస్త్రవేత్త జున్‌యోంగ్ జూ, మేరీలాండ్, కొలరాడో విశ్వవిద్యాలయాల వారితో కలిసి చేసిన పారదర్శక కలప గురించి వచ్చిన మాట అది. వేడిని ఆపడంలో గాజు కంటే ఐదు రెట్లు మేలు అన్నారు. ఉష్ణవాహకత చూస్తే నిజమే. గాజుకు అది సుమారు 1 ఉంటుంది, పారదర్శక కలపకు 0.2 నుంచి 0.3 దాకా ఉంటుంది. మనం 0.2 తీసుకుందాం. ఐదో వంతు. కాబట్టి కిటికీలోంచి వచ్చే వేడి కూడా ఐదో వంతు అవుతుందని నేను అనేశాను.

నేను మరచిపోయింది గాలి పొరను. గాజుకు లోపలి వైపునా బయటి వైపునా కొంచెం గాలి అంటుకుని ఉంటుంది, అంత సులభంగా కదలదు. వేడి ముందు ఆ పొరను దాటాలి, తర్వాత గాజును, మళ్లీ ఇంకో గాలి పొరను. మూడూ వరసగా. పదో తరగతి విద్యుత్ పాఠంలో శ్రేణి సంధానం లాగే, ఇక్కడా నిరోధాలను కూడాలి.

ఇళ్లు కట్టే ఇంజనీర్లు చదరపు మీటరుకు లోపలి గాలి పొర నిరోధం 0.13, బయటి పొర నిరోధం 0.04 అని తీసుకుంటారు. బయట గాలి వీస్తుంది కాబట్టి అక్కడ పొర పల్చన. రెండూ కలిపి 0.17. ఇక పలక నిరోధం కావాలంటే దాని మందాన్ని మీటర్లలో రాసి ఉష్ణవాహకతతో భాగించాలి.

4 మి.మీ. గాజు: 0.004 ÷ 1 = 0.004. మొత్తం 0.174.
4 మి.మీ. పారదర్శక కలప: 0.004 ÷ 0.2 = 0.02. మొత్తం 0.19.

బయట 43 డిగ్రీలు, లోపల 33 డిగ్రీలు అనుకోండి. తేడా 10. దాన్ని మొత్తం నిరోధంతో భాగిస్తే చదరపు మీటరు కిటికీలోంచి వచ్చే వేడి వాట్లలో వస్తుంది. గాజు అయితే సుమారు 57 వాట్లు. కలప అయితే సుమారు 53 వాట్లు.

చూశారా! ఐదో వంతుకు తగ్గడం కాదు, సుమారు పన్నెండో వంతు మాత్రమే తగ్గింది. గొంగళి కప్పుకున్నవాడు లోపలి చొక్కా మార్చుకున్నట్టుంది. అసలు వేడిని ఆపుతున్నది గొంగళి, అంటే గాలి పొర. చొక్కా ఐదు రెట్లు మందమైనా పైకి పెద్ద తేడా తెలియదు.

పలక మందం పెంచితే? 2 సెం.మీ. కలప నిరోధం 0.1, మొత్తం 0.27, వేడి 37 వాట్లు. ఇప్పుడు చెప్పుకోదగ్గ తేడా. కానీ అంత మందంలో తేటదనం ఎంత మిగులుతుందనేది వేరే సంగతి. పైగా చలిదేశాల వాళ్లు ఇప్పటికే రెండు గాజు పలకలు పెట్టి మధ్య గాలి బంధిస్తున్నారు. ఆ గాలి సందు నిరోధం 0.15 అనుకుని, 3 మి.మీ. గాజు పలకలు రెండు పెట్టి లెక్క కడితే సుమారు 31 వాట్లే వస్తుంది. కాబట్టి పారదర్శక కలప పోటీపడాల్సింది ఒంటి గాజుతో కాదు, జంట గాజుతో. పేపరు వాళ్లు ఒంటి గాజుతో పోల్చారు, నేను ప్రశ్న వేయకుండా తలూపాను.

ఇంకో పెద్ద సంగతి కూడా నా జవాబులో లేదు. పై లెక్క అంతా వహనం ద్వారా వచ్చే వేడి గురించే. మనకు ఎండ కూడా ఉంది. మిట్టమధ్యాహ్నం మబ్బు లేనప్పుడు ఎండకు ఎదురుగా ఉన్న ఒక చదరపు మీటరు మీద సుమారు 1000 వాట్లు పడతాయి. అంటే ఒక ఇస్త్రీ పెట్టె. అందులో ఎక్కువ భాగం గాజులోంచి తిన్నగా గదిలోకి వచ్చి నేల మీద వేడిగా మారుతుంది. ఇస్త్రీ పెట్టెను లోపలికి రానిచ్చి, 57 వాట్లను 53కు తగ్గించామని సంతోషపడితే ఏం లాభం? 85 శాతం కాంతిని రానిచ్చే కలప కూడా ఈ విషయంలో గాజు లాంటిదే. స్వీడన్‌లో చలికాలం ఆ ఎండ వాళ్లకు వరం, లోపలికి వచ్చిన వేడిని బయటికి పోనివ్వకుండా చూసుకుంటే చాలు. మనకు ఎండాకాలం అదే బాధ. కాబట్టి డార్మిటరీ పడమటి కిటికీలకు కావలసింది కొత్త పలక కాదు, బయట నీడ. తాటాకు పందిరి గానీ, చూరు గానీ, ఒక వేపచెట్టు గానీ. ఇదీ నేను ఆ రోజు చెప్పాల్సిన జవాబు.

అయితే ఈ కలప మనకు పనికిరాదా అంటే, అలా అనను. కిటికీకి కాకుండా పైకప్పుకు పెడితే సంగతి వేరు.

పెంకుటిళ్లలో ఒక పెంకు తీసి అక్కడ గాజు పెంకు పెట్టడం మీరు చూసే ఉంటారు. పగటిపూట వంటగదిలో దీపం అక్కర్లేకుండా అదే వెలుతురు ఇస్తుంది. ఎంత ఇస్తుందో లెక్క కడదాం. మధ్యాహ్నపు ఎండ వెలుతురు సుమారు లక్ష లక్సులు. చదువుకోవడానికి 300 లక్సులు చాలు. అడుగు పొడుగు, అడుగు వెడల్పు పలక అంటే సుమారు 0.09 చదరపు మీటరు. దానిలోంచి 85 శాతం వస్తే 7650 ల్యూమెన్లు. ఆ వెలుతురు 25 చదరపు మీటర్ల గదిలో సమంగా పరుచుకుంటే 306 లక్సులు! 20 వాట్ల ఎల్.ఇ.డి. ట్యూబులైటు సుమారు 2000 ల్యూమెన్లు ఇస్తుంది, అంటే దాదాపు నాలుగు ట్యూబులైట్లు. సగం వెలుతురు గోడలు తాగేసినా రెండు మిగులుతాయి. దాంతోపాటు వచ్చే వేడి 77 వాట్లు మాత్రమే, పాతకాలపు బుడ్డి బల్బు ఒకటి వెలిగించినంత. పగలంతా ఇంత రాదు, పొద్దున సాయంత్రం తగ్గుతుంది. మబ్బు పడితే ఇంకా తగ్గుతుంది. అయినా తక్కువేమీ కాదు.

ఇందులో మెలిక "సమంగా పరుచుకుంటే" అన్న మాటలో ఉంది. మామూలు గాజు పెంకు కింద ఏం జరుగుతుంది? నేల మీద ఒకచోట కళ్లు చెదిరే ఎండ మచ్చ పడుతుంది, మూలలు చీకటిగానే ఉంటాయి. ఆ మచ్చ పొద్దును బట్టి జరుగుతూ పోతుంది. పారదర్శక కలప కాంతిని చెదరగొడుతుందని పైన లోపంగా చెప్పానే, ఇక్కడ అదే గుణం. 2016లోనే మేరీలాండ్ బృందం ఈ కలపను ఇంధనం ఆదా చేసే ఇంటి సామగ్రిగా పరీక్షించింది. గొట్టాలు నిలువుగా ఉండేలా కోసిన పలకను కప్పులో పెడితే, కాంతి ఆ గొట్టాల వెంట కిందికి దిగి గదంతా సర్దుకుంటుందని చూపింది. పైగా అది గాజులా పగిలి ముక్కలు మీద పడదు. బరువు కూడా గాజులో సగం దగ్గరే. కప్పు మీద పెట్టే వస్తువుకు ఇవి చిన్న సంగతులు కావు.

ఇంకొక ముచ్చట చెప్పి ఖర్చు దగ్గరకు వస్తాను. చలికాలం పొద్దున కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి ఉంటే ఎండలో పెడతారు. కరిగేటప్పుడు అది వేడిని మింగుతుంది, అదే గుప్తోష్ణం. 2019లో స్వీడన్ బృందంలోని సెలీన్ మోంటనారి ఇలాంటి గుణమున్న పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పదార్థాన్ని పారదర్శక కలపలో ఎక్కించింది. అది గది ఉష్ణోగ్రత దగ్గర్లో కరుగుతుంది. పగలు కరిగి వేడిని దాచుకుంటుంది, రాత్రి చల్లబడి గడ్డకట్టేటప్పుడు తిరిగి ఇస్తుంది. చలిదేశంలో చక్కటి ఏర్పాటు. మన మే నెలలో మైదాన ప్రాంతాల్లో రాత్రి కూడా 28, 30 డిగ్రీలు ఉంటే అది గడ్డే కట్టదు, మర్నాటికి మళ్లీ కరగడానికి ఏమీ మిగలదు. ఇక్కడికి ఇంకా ఎక్కువ వేడి దగ్గర కరిగే పదార్థం ఎంచుకోవాలి.

ఇక ఖర్చు. ఇక్కడ డబ్బు ఖర్చే కాదు, ఇంధనం ఖర్చు కూడా చూడాలి. లిగ్నిన్ తియ్యడానికి రసాయనాలు, వేడి నీళ్లు, గంటల తరబడి సమయం. క్లోరిన్ ఉన్న రసాయనాలు వాడితే ఆ నీళ్లు ఎక్కడికి పోవాలి? నింపేది ప్లాస్టిక్. పేరుకు కలప గానీ పెట్రోలు నుంచి వచ్చింది అందులో చాలా ఉంటుంది. ఈ విషయం పేపరు కటింగులో లేదు.

శాస్త్రవేత్తలకు ఇది తెలియక కాదు. 2017లో స్వీడన్ వాళ్లు లిగ్నిన్‌ను పూర్తిగా తీసేయకుండా, దాని రంగును మాత్రం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో పోగొట్టారు. లిగ్నిన్‌లో 80 శాతం దాకా లోపలే ఉండిపోయింది, పలకకు బలమూ మిగిలింది. హైడ్రోజన్ పెరాక్సైడ్ అంటే కంగారు పడకండి. పుండు కడిగేటప్పుడు నురగ వస్తుందే, అదే, ఇంకా ఘాటుగా. 2021లో మేరీలాండ్ వాళ్లు మరో అడుగు వేశారు. చెక్క మీద పెరాక్సైడ్‌ను బ్రష్షుతో పూసి ఎండలో పెట్టారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, పెరాక్సైడ్ కలిసి రంగును విరగ్గొట్టాయి. తెల్లబట్టలు ఎండలో ఆరేసే చాకలివాళ్లకు ఈ కిటుకు చూస్తే నవ్వొస్తుందేమో! అదే ఏడాది మోంటనారి బృందం ప్లాస్టిక్‌కు బదులు కమలాపండు తొక్కల నుంచి తీసే లిమోనీన్‌తో చేసిన పదార్థాన్ని నింపింది. 1.2 మి.మీ. పలకలోంచి 90 శాతం కాంతి వచ్చింది, చెదిరింది 30 శాతమే. అయితే లిగ్నిన్ మిగిలిన పలక ఏళ్ల తరబడి ఎండలో ఉంటే పాత న్యూస్‌పేపరులా పసుపెక్కదా అన్న ప్రశ్న ఉండనే ఉంది. ఇప్పటికీ ఇది చాలావరకు ప్రయోగశాల వస్తువే, బజారులో అడిగితే దొరికేది కాదు.

అంతవరకు మన దగ్గర నూనె కాగితం ఉంది. రెండు ఒకే సైజు అట్టపెట్టెలు తీసుకోండి. పైన అడుగు కంటే చిన్నగా, 10 సెం.మీ. చదరంగా రంధ్రం కొయ్యండి. ఒకదానికి గాజు పలక, ఇంకోదానికి కొబ్బరినూనె రాసిన తెల్ల కాగితం అంటించండి. పక్కన చూడటానికి వేలుపట్టేంత బెజ్జం పెట్టండి. పదకొండు నుంచి పన్నెండు దాకా ఎండలో ఉంచి, పది నిమిషాలకోసారి లోపలి ఉష్ణోగ్రత, వెలుతురు ఎక్కడెక్కడ పడిందో రాసుకోండి. థర్మామీటరు బుడ్డి మీద నేరుగా ఎండ పడకుండా చిన్న అట్టముక్క అడ్డం పెట్టాలి. లాబ్ థర్మామీటరే వాడండి, జ్వరం చూసేది వాడితే పగిలిపోతుంది.

లెక్కలంటే ఇష్టమున్నవాళ్లకు ఇంకొకటి: 4 మి.మీ. పారదర్శక కలప పలకలు రెండు పెట్టి మధ్య గాలి సందు వదిలితే, అదే 10 డిగ్రీల తేడాకు ఎన్ని వాట్లు వస్తాయి?

తొమ్మిదో తరగతి వాళ్లు పెట్టెలు తెస్తామన్నారు. గాజు పలక నా దగ్గర ఉంది. రీడింగులు వచ్చే నెల ఇక్కడే అంటిస్తాం.